తరగతి సంభాషణ – విద్యాభాష (శ్రీశైలం, కర్నూలు–కడప ప్రాంతం)

ఇంగ్లిషును ఇంటిభాషగా కాక బడిభాషగా నేర్చుకునే పిల్లలు ఆ భాషలో పాఠం అర్థం చేసుకోవాలి, కారణం చెప్పాలి, పోల్చాలి, వాదించాలి, రాయాలి. ఆ స్థితికి వాళ్లను చేర్చడానికి తరగతిలోని మాటలను ఒక క్రమంలో వాడుకునే బోధనను తరగతి సంభాషణ పద్ధతి అంటారు. ఇందులో మాట పాఠానికి విరామం కాదు. పాఠం జరిగేదే మాటలో. నంద్యాల జిల్లాలోని శ్రీశైలం, దాని చుట్టూ ఉన్న నల్లమల గూడేలు, దిగువన కర్నూలు, కడప మెట్ట గ్రామాల బడుల్లో ఈ పద్ధతికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. ఇక్కడి పిల్లలు చాలామంది ఇంటిమాట నుంచి పాఠ్యపుస్తకపు తెలుగుకు, అక్కడి నుంచి ఇంగ్లిషుకు రెండు అంచెల్లో నడవాల్సి వస్తుంది.

పరిభాష

నిత్యవ్యవహార భాష: ఆటలో, అంగట్లో, బస్సులో సరిపోయే భాష. ఎదుటి మనిషి ముఖం, చేతి సైగ, కళ్లముందున్న వస్తువు అర్థానికి తోడు నిలుస్తాయి.

విద్యాభాష: పాఠ్యపుస్తకం, పరీక్ష, ప్రయోగ నివేదిక వాడే భాష. ఇందులో సైగల సాయం ఉండదు. సాంకేతిక పదాలు (సాంద్రత, ద్రవ్యరాశి, కిరణజన్య సంయోగక్రియ) దీనిలో పైకి కనిపించే భాగం మాత్రమే. అసలు బరువు ‘అందువల్ల’, ‘అయినప్పటికీ’, ‘దీనికి భిన్నంగా’ వంటి అనుసంధాన పదాల మీద, క్రియను నామంగా మార్చే అలవాటు మీద, ఒక వాక్యంలో మరో వాక్యాన్ని పొదిగే నేర్పు మీద ఉంటుంది. పదాల జాబితా బట్టీ పట్టిన విద్యార్థి జవాబు రాయలేకపోవడానికి తరచు కారణం ఈ రెండో భాగమే.

కెనడా పండితుడు జిమ్ కమిన్స్ 1979లో ఈ రెండింటినీ వేరుచేసి చూపాడు. కెనడాకు వలస వచ్చిన పిల్లల్లో నిత్యవ్యవహార ఇంగ్లిషు సుమారు 2 సంవత్సరాల్లో అలవడుతుందని, విద్యాభాషలో తోటి పిల్లల స్థాయిని అందుకోవడానికి 5 నుంచి 7 సంవత్సరాలు పడుతుందని ఆయన విశ్లేషణ. నల్లమలకు ఈ అంకెలను నేరుగా అన్వయించలేం. టొరంటో పిల్లవాడికి వీధిలోనైనా ఇంగ్లిషు వినిపిస్తుంది. సున్నిపెంటలోనో ఆత్మకూరులోనో అది దాదాపుగా బడి గంటల్లోనే వినిపిస్తుంది.

చరిత్ర

వీధిబడులు. 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దక్కిన దత్తమండలాల్లో కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలు చేరాయి. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో ఆదేశించిన విద్యా సర్వేకు జవాబుగా బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక ఈ అంశానికి అపురూపమైన ఆధారం. జిల్లాలో 533 బడులు ఉన్నట్టు ఆయన లెక్క. ఆయన గమనించిన రెండు విషయాలు ఈనాటికీ చర్చకు పనికివస్తాయి. ఒకటి, పిల్లలు చదివే పద్యాల భాష వాళ్లు మాట్లాడే భాషకు చాలా దూరం. కంఠతా వస్తుంది కాని అర్థం కాదు. రెండు, ముందున్న పిల్లలు వెనకున్న పిల్లలకు పాఠం చెప్పే ఏర్పాటును ఆయన మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దాన్ని అనుకరించడం సబబేనన్నాడు. మద్రాసులో చూసిన బడుల స్ఫూర్తితో ఆండ్రూ బెల్ ఇంగ్లండులో ప్రచారం చేసిన ‘మద్రాసు పద్ధతి’ అదే. పిల్లల మధ్య మాట ద్వారా చదువు అనే ఆలోచన, అర్థం లేని వల్లెవేత అనే జాడ్యం, రెండూ ఒకే నివేదికలో కనిపిస్తాయి.

వ్యావహారిక భాషావాదం. 1906 ప్రాంతంలో పాఠశాలల తనిఖీ అధికారి జె.ఎ. యేట్స్ తెలుగు తరగతుల్లో మాట్లాడే భాషకూ పుస్తకాల భాషకూ ఉన్న ఎడాన్ని ప్రశ్నించాడు. ఆ ప్రశ్నను చేపట్టినవారిలో గిడుగు రామమూర్తి (1863–1940) ముఖ్యుడు. పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించిన అనుభవం ఆయనకు అప్పటికే ఉంది. పిల్లవాడి మాట నుంచే పుస్తకానికి దారి వేయాలన్న వాదానికి తెలుగునాట ఆధారం ఆయన పని. (చూ. వ్యావహారిక భాషోద్యమం)

ఇంగ్లిషు బోధన సంస్కరణలు. 1958లో హైదరాబాదులో కేంద్రీయ ఆంగ్ల సంస్థ ఏర్పడింది. నేటి ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయానికి అది మూలం. దక్షిణాది రాష్ట్రాల ఉపాధ్యాయుల శిక్షణకు 1963లో బెంగళూరులో ప్రాంతీయ ఆంగ్ల సంస్థ వచ్చింది. 1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు నడిపిన బెంగళూరు ప్రయోగం వ్యాకరణ పాఠాలను పక్కనపెట్టి రైలు సమయాల పట్టిక, పటం, లెక్క వంటి పనుల చుట్టూ ఉపాధ్యాయుడూ పిల్లలూ ఇంగ్లిషులో ఆలోచిస్తూ మాట్లాడుకునేలా తరగతిని మార్చింది. పని ఆధారిత బోధనగా ప్రపంచం చదివే అధ్యాయం కన్నడ, తమిళ సీమల మామూలు బడుల్లో పుట్టింది.

ఆంధ్రప్రదేశ్‌లో. 1984లో బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో మొదలైన ప్రాథమిక విద్యా పథకం జట్టుపనిని, పిల్లల కృత్యాలను బడుల్లోకి తెచ్చింది. 1996లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం చేరిన తొలి జిల్లాల్లో కర్నూలు ఒకటి. మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ 1980ల నుంచి తన అనుబంధ గ్రామీణ బడుల్లో రూపొందించిన ‘నేర్చుకునే నిచ్చెన’ విధానంలో వేర్వేరు తరగతుల పిల్లలు చిన్న జట్లుగా కూర్చుని, కార్డుల సాయంతో, ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ చదువుతారు. ఏకోపాధ్యాయ పాఠశాలలకు ఇది అనువైనది. తమిళనాడు కృత్యాధార బోధనకు స్ఫూర్తి ఇక్కడిదే.

2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం 81వ నంబరు ఉత్తర్వుతో ప్రభుత్వ బడులను ఇంగ్లిష్ మీడియానికి మార్చాలని నిర్ణయించింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ క్రమంలోనే ఒక పేజీలో ఇంగ్లిషు, ఎదుటి పేజీలో తెలుగు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. (చూ. ద్విభాషా పాఠ్యపుస్తకాలు, బోధనా మాధ్యమం)

ప్రాంతపు భాషా స్థితి

శ్రీశైలం మండలం బడుల్లో ఒకే తరగతిలో పలు భాషల పిల్లలు కూర్చుంటారు. ఆనకట్ట పనుల కోసం వెలసిన సున్నిపెంటకు వివిధ జిల్లాల కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. క్షేత్రం చుట్టూ కొట్లు పెట్టుకున్నవారి పిల్లలకు కన్నడ యాత్రికులతో మాట్లాడే అలవాటు ఉంటుంది. సుగాలీల ఇంటిభాష వేరు. కర్నూలు, కడప పట్టణాల్లో ఉర్దూ ఇంటిభాషగా ఉన్న పిల్లలు గణనీయంగా ఉన్నారు. ఆదోని, మంత్రాలయం వైపు కన్నడ వినిపిస్తుంది.

చెంచుల సంగతి ప్రత్యేకం. వీరు ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాల జాబితాలో ఉన్నారు. శ్రీశైలం సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ పరిధిలో ఆశ్రమ పాఠశాలలు నడుస్తున్నాయి. వీరి ఇంటిభాష తెలుగే, అయితే తమదైన యాస ఉన్న తెలుగు. 2004లో రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్యను ప్రారంభించినప్పుడు సవర, కోయ, కువి, కొండ, గోండి, కొలామి, ఆదివాసీ ఒడియా, బంజారా ఆ జాబితాలో చేరాయి. చెంచు పిల్లల భాష తెలుగు కింద లెక్క కనుక వారికి ఆ ఏర్పాటు వర్తించలేదు. దాని ఫలితంగా చెంచు విద్యార్థి మొదటిరోజు నుంచే ‘తెలుగు వచ్చిన పిల్ల’గా పరిగణించబడుతుంది, పుస్తకపు తెలుగు ఆమెకు కొత్తదే అయినా. తరగతిలో ఆమె మౌనాన్ని తెలివితక్కువగా చదవడం అన్యాయం. చెట్టు, తేనెపట్టు, తపసి బంక, గడ్డల గురించి అదే పిల్ల ఇంటి దగ్గర వరస తప్పకుండా వివరించగలదు.

హాజరు మరో చిక్కు. అడవి ఫలసాయం కాలంలో గూడేల పిల్లలు, సుగ్గికి పోయే కాలంలో కోసిగి, కౌతాళం వైపు పిల్లలు పెద్దల వెంట వెళ్లిపోతారు. సంభాషణ పద్ధతి తెగకుండా సాగాల్సినది. మధ్యలో నెలలు పోతే జట్టు చెదిరిపోతుంది. కాలానుగుణ వసతి గృహాలు ఈ నష్టాన్ని కొంత తగ్గిస్తాయి.

సిద్ధాంత నేపథ్యం

రష్యన్ మనోవిజ్ఞాని లెవ్ వైగోత్‌స్కీ ప్రకారం బిడ్డ ఆలోచన మొదట ఇతరులతో మాటగా సాగి తరువాత లోపలి మాటగా మారుతుంది. డగ్లస్ బార్న్స్ 1970లలో ‘అన్వేషణ మాట’ను వేరుచేశాడు: తడబడుతూ, దిద్దుకుంటూ, సగంలో ఆగే మాట. అలాంటి మాటలో విద్యార్థి ఆలోచన అప్పుడే రూపు కట్టుకుంటూ ఉంటుంది కనుక వెంటనే తప్పు దిద్దితే ఆలోచనే ఆగిపోతుంది. మెరిల్ స్వెయిన్ 1985లో మరో మెలిక చేర్చింది. వినడం ఒక్కటే చాలదు. చెప్పబోయినప్పుడే తనకు రానిదేమిటో విద్యార్థికి తెలిసివస్తుంది.

తరగతి మాటల అసలు స్వరూపాన్ని బ్రిటన్‌లో సింక్లేర్, కూల్‌తార్డ్ 1975లో నమోదు చేశారు. ఉపాధ్యాయుడి ప్రశ్న, విద్యార్థి జవాబు, ఉపాధ్యాయుడి తీర్పు అనే మూడడుగులే అన్నిచోట్లా తిరిగి తిరిగి వస్తాయి. ఈ చట్రంలో విద్యార్థి వంతు ఒకటి రెండు పదాలు దాటదు. అమెరికాలో మేరీ బడ్ రో ప్రశ్న తరువాత ఉపాధ్యాయులు సగటున 1 సెకను మాత్రమే ఆగుతున్నారని, 3 సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయని, ఎక్కువమంది మాట్లాడతారని చూపింది. ఇంటిభాషలో తట్టిన జవాబును ఇంగ్లిషులోకి తెచ్చుకోవాల్సిన పిల్లలకు ఆ 3 సెకన్లు కూడా చాలవు.

సంభాషణ రూపాలు

ప్రశ్నోత్తరం. పైన చెప్పిన మూడడుగుల రూపం. గత పాఠం గుర్తుచేయడానికి పనికివస్తుంది. మూడో అడుగులో తీర్పుకు బదులు ‘ఎందుకు?’, ‘ఇంకెవరైనా వేరుగా అనుకుంటున్నారా?’ అని అడిగితే ఇదే రూపం విస్తరిస్తుంది. ఖర్చు లేని మార్పు ఇది.

ఆలోచన–జంట–పంపకం. ఫ్రాంక్ లైమన్ 1981లో ప్రతిపాదించాడు. ముందు ఒంటరిగా ఆలోచించడం, పక్కవారితో చెప్పుకోవడం, తరువాత తరగతికి చెప్పడం. కిక్కిరిసిన బెంచీల గదిలోనూ సాగుతుంది.

పరస్పర బోధన. పాలిన్‌క్సర్, బ్రౌన్ 1984 అధ్యయనంతో ప్రసిద్ధమైంది. చిన్న జట్టులో వంతులవారీగా ఒకరు ఉపాధ్యాయుడి పాత్ర వహించి, చదివిన భాగాన్ని క్లుప్తంగా చెబుతారు, ప్రశ్న వేస్తారు, అర్థం కానిది తేలుస్తారు, తరువాత ఏం వస్తుందో ఊహిస్తారు.

విద్యా సంభాషణ. జెఫ్ జ్వియర్స్, మేరీ క్రాఫర్డ్ 2011 నాటి పుస్తకంలో వివరించిన రూపం. ఇద్దరు విద్యార్థులు ఒక భావాన్ని విస్తరించి, ఆధారం చూపి, ఎదుటివారి మాటను తిరగచెప్పి, కొత్త మాట చేర్చి, చివరకు కలిసి ఒక నిర్ణయానికి వస్తారు. ఇందుకు వాక్యపు మొదళ్లు గోడమీద రాసి ఉంచుతారు. తెలుగులో ‘నువ్వు చెప్పినదానికి ఇంకొకటి కలుపుతాను…’, ఇంగ్లిషులో ‘ఐ అగ్రీ బికాజ్…’ వంటివి.

పనిచేసే తీరు: ఒక పాఠం

పద్ధతి నడకను శ్రీశైలం ఆనకట్ట మీద ఎనిమిదో తరగతి పాఠంతో చూపవచ్చు. కింది సంభాషణ ఉదాహరణకు అల్లినది.

ఉపాధ్యాయుడు: ‘డ్యాం గేట్లు ఎప్పుడు ఎత్తుతారప్పా?’
విద్యార్థి: ‘నీళ్లు నిండినప్పుడు సార్.’
ఉపాధ్యాయుడు: ‘నిండినాయని ఎట్ల తెలుస్తాది?’
విద్యార్థిని: ‘మట్టం చూస్తారు సార్. 885 అడుగులు వస్తే నిండినట్టే.’
మరో విద్యార్థి: ‘అంతదాకా ఆగరు సార్. పైనుంచి వరద ఎక్కువ వస్తాంటే ముందే ఎత్తుతారు. మా నాయన చెప్పినాడు.’
ఉపాధ్యాయుడు: ‘ఇద్దరి మాటా నిజమైతే, రెండూ కలిపి ఒక్క మాటలో ఎట్ల చెప్తారు?’

ఇంతవరకు ఇంటిమాటే. ఉపాధ్యాయుడు జవాబును తూచలేదు. రెండు జవాబులనూ ఎదురెదురుగా పెట్టాడు. పిల్లలు జంటలుగా మాట్లాడుకుని రెండో అంచెలో పుస్తకపు తెలుగుకు వస్తారు: ‘గేట్లు ఎత్తాలనే నిర్ణయం జలాశయ నీటిమట్టం, ఎగువ ప్రవాహం అనే రెండు అంశాలపై ఆధారపడి ఉంటుంది.’ ‘నిండినప్పుడు’ అన్న క్రియ ఇక్కడ ‘నీటిమట్టం’ అనే నామమైంది, ‘వరద ఎక్కువ వస్తాంటే’ అన్నది ‘ప్రవాహం’ అయింది. మూడో అంచెలో ఇంగ్లిషు: ‘ఇఫ్ ది ఇన్‌ఫ్లో ఇంక్రీజెస్, ది గేట్స్ ఆర్ లిఫ్టెడ్ బిఫోర్ ది రిజర్వాయర్ ఈజ్ ఫుల్.’

ఈ వాక్యంలో కష్టం ‘ఇన్‌ఫ్లో’ కాదు. ఆ మాట వానాకాలంలో వార్తల్లో రోజూ వినిపిస్తుంది. కష్టం కర్మణి ప్రయోగంలో ఉంది. అయితే ‘ఎత్తుతారు’ అన్నప్పుడు ఎవరు ఎత్తుతారో తెలుగు పిల్లలు చెప్పరు, చెప్పాల్సిన అవసరమూ లేదు. కర్తను వదిలేసే ఆ అలవాటు మీదుగా ‘ఆర్ లిఫ్టెడ్’కు తీసుకుపోతే, వ్యాకరణ సూత్రం బోర్డు మీద రాసినదానికంటే సులభంగా పట్టుబడుతుంది.

పోలికకూ ఆనకట్టే చాలు. కుడిగట్టు విద్యుత్కేంద్రంలో 110 మెగావాట్ల యూనిట్లు 7, మొత్తం 770 మెగావాట్లు. ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు 6, మొత్తం 900 మెగావాట్లు. యూనిట్లు తక్కువ, సామర్థ్యం ఎక్కువ. ఈ వైరుధ్యాన్ని చెప్పాలంటే ‘అయినప్పటికీ’ తప్పదు, ఇంగ్లిషులో ‘ఆల్దో’ తప్పదు. చెప్పవలసిన అవసరం పుట్టాక మాట అందించడం ఈ పద్ధతి మర్మం. 2009 అక్టోబరు వరదలో నీటిమట్టం 896 అడుగులు దాటిన ఘటన కారణం–ఫలితం వాక్యాలకు అలాగే పనికివస్తుంది. కర్నూలులో ఆ వరద మాట ఎత్తని ఇల్లు ఉండదు, పిల్లలు పెద్దలను అడిగి వచ్చి తరగతిలో చెప్పవచ్చు.

చెంచు గూడేల బడుల్లో తేనె తీసే క్రమం ఇదే పనికి వస్తుంది. పొగ పెట్టడం, తాడు దిగడం, పట్టులో ఎంత కోయాలో ఎంత వదలాలో తేల్చడం అన్నీ ఒకదాని తరువాత ఒకటి జరిగేవి. ‘మొదట’, ‘ఆ తరువాత’, ‘లేకపోతే’ అన్న అనుసంధానాలు వాటంతటవే వస్తాయి. ఆ విషయంలో తరగతిలో ఎక్కువ తెలిసినది విద్యార్థికే కనుక ఉపాధ్యాయుడు అడిగే ప్రశ్న నిజమైన ప్రశ్న అవుతుంది.

వివాదాంశాలు

పిల్లల మధ్య ఇంగ్లిషు. ఇంగ్లిషు ఎవరికీ సరిగా రాని చోట పిల్లలు తమలో తాము ఇంగ్లిషులో మాట్లాడుకుంటే తప్పులే గట్టిపడతాయని ప్రభు సందేహించాడు. అందుకే బెంగళూరు ప్రయోగంలో జట్టుపనికి పెద్దపీట లేదు. ఉపాధ్యాయుడితో తరగతి మొత్తం సాగించే మాటే ప్రధానం. స్వెయిన్, జ్వియర్స్ వంటివారి వాదం దీనికి ఎదురు. కాని వారి పరిశోధనల్లోని తరగతులకు బడి బయట కూడా ఆ భాష వినిపిస్తుంది. నల్లమల వంటి చోట ప్రభు అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయలేం. ఆలోచించే దశలో జట్టు మాట తెలుగులో, సుగాలీలో, ఉర్దూలో సాగనిచ్చి, తరగతికి నివేదించే దశలో ఉపాధ్యాయుడి తోడుతో ఇంగ్లిషుకు రావడం రెండు వాదాలకూ చోటిచ్చే మార్గం.

ఇంటిభాష స్థానం. ఇంగ్లిష్ మీడియం తరగతిలో తెలుగు వినపడకూడదన్న పట్టు చాలా ప్రైవేటు బడుల్లో ఉంది. తల్లిదండ్రుల కోరికా అదే. ఉద్యోగం, నగరం, పై చదువు ఇంగ్లిషుతో ముడిపడి ఉన్నాయని వారికి తెలుసు, ఆ లెక్కను తప్పుపట్టలేం. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం బహుభాషలను తరగతికి వనరుగా చూసింది. 2020 జాతీయ విద్యావిధానం వీలైన చోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటిభాషలో బోధన ఉండాలంది. వేల్స్‌లో సెన్ విలియమ్స్ 1990లలో పేరుపెట్టిన భాషామార్పిడి బోధన, అంటే ఒక భాషలో విని మరో భాషలో చెప్పడం, ద్విభాషా పుస్తకం చేతిలో ఉన్న ఆంధ్ర విద్యార్థికి సహజంగా అమరుతుంది.

కమిన్స్ విభజనపై విమర్శ. విద్యాభాషను వేరుచేసి పైకెత్తితే ఇంటిమాట తక్కువదన్న భావన బలపడుతుందని కొందరు భాషావేత్తలు అభ్యంతరం చెప్పారు. సీమ యాసను తరగతిలో ఎగతాళి చేసే అలవాటు ఉన్నచోట ఈ విమర్శకు బలం ఎక్కువ.

మూల్యాంకనం, శిక్షణ

పదో తరగతి పబ్లిక్ పరీక్ష రాత పరీక్షే; మౌఖిక సామర్థ్యానికి అందులో చోటు లేదు. నిరంతర సమగ్ర మూల్యాంకనంలో భాగమైన నిర్మాణాత్మక పరీక్షల్లో పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలు ఒక అంశం. మార్కులు ఇచ్చే అవకాశం ఉన్నా, ఏ మాటకు ఎంత అన్న ప్రమాణం లేకపోతే అది చురుకైనవారికే దక్కుతుంది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం అమెరికాకు చెందిన ఈటీఎస్ సంస్థతో ఒప్పందం చేసుకుని టోఫెల్ పరీక్షలను బడుల్లోకి తెచ్చింది. 2024లో వచ్చిన ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపివేసింది.

మాటను కొలిచే సులువైన సాధనం వరస వాక్యాల లెక్క. ఒక విద్యార్థి ఆపకుండా ఎన్ని వాక్యాలు చెప్పింది, వాటి మధ్య ఏ అనుసంధాన పదాలు వాడింది, తోటివారి మాటను ఎన్నిసార్లు ప్రస్తావించింది అని నెలకోసారి నమోదు చేయడం. పాఠశాల సముదాయ సమావేశాల్లో ఈ నమోదులను ఉపాధ్యాయులు పోల్చుకోవచ్చు. విద్యాహక్కు చట్టం ప్రాథమిక స్థాయిలో 30 మందికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలంటుంది. కొన్ని గూడేల బడుల్లో పిల్లలు అంతకంటే చాలా తక్కువ, కాని అన్ని తరగతులకూ ఉపాధ్యాయుడు ఒక్కరే. అలాంటి చోట పెద్ద పిల్లలు చిన్నవారితో మాట్లాడించే ఏర్పాటు, రిషీవ్యాలీ తరహా కార్డులు, రోజుకు ఒకే ఒక్క పది నిమిషాల ఇంగ్లిషు సంభాషణ ఆచరణ సాధ్యమైన కనీస ప్రణాళిక.